లాక్నర్ వాగు దగ్గరి పలక

లాక్నర్ వాగు దగ్గర పలక కూలిందన్న సంగతి ఓజెల్లా టిప్పిన్స్‌కి చర్చిలో తెలిసింది. పాట ముగిసి అందరూ కూర్చుంటుంటే, వెనక బెంచీలోంచి సిస్టర్ లొరీన్ వంగి చెవిలో ఊదింది.

"ఓజెల్లా, నీ సవతి కూలిందట."

"ఏ సవతే?"

"వాగు దగ్గరుందిగా, ఇనప సవతి. మొన్న పొద్దున దుంగల లారీ గుద్దేసిందట."

ఓజెల్లా ప్రార్థన అయ్యేదాకా ఓపిక పట్టింది. భోజనాలకి మాత్రం ఆగలేదు. అందరి కోసం చేసి తెచ్చిన చిలగడదుంప పిండివంట అక్కడే బల్ల మీద వదిలేసి కారెక్కింది.

సవతి అన్న మాటలో అబద్ధం లేదు. పదకొండేళ్ళుగా ఆ పలకతో ఆమెకి పోరు. జార్జియాలో ఏ రోడ్డున వెళ్ళినా అలాంటి పోత పలకలు కనిపిస్తాయి, ఫలానా సైన్యం ఫలానా రోజున ఇటు నడిచిందని. వాగు దగ్గరిది రెండే ముక్కలు చెప్పేది. అంతర్యుద్ధంలో, 1864 డిసెంబరు తొమ్మిదిన, ఉత్తరాది సైన్యం సవానా నగరం మీదికి వెళ్తూ ఇక్కడ పడవల వంతెన వేసుకుని వాగు దాటిందని ఒకటి. వెనక తరుముకొస్తున్న దక్షిణాది గుర్రపు దళానికి అందకుండా ఆ వంతెన ఎత్తేసిందని రెండోది. అంతే.

ఆ సైన్యం వెనక నడిచొచ్చిన వాళ్ళ ఊసు అందులో లేదు. బానిసలుగా ఉన్న తోటలు వదిలిపెట్టి, మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, మమ్మల్ని విడిపించే సైన్యం ఇదేనని నమ్మి వెంటబడ్డ నల్లవాళ్ళు కొన్ని వందలమంది. సైనికులు వాళ్ళని గట్టున నిలబెట్టి, ముందు బండ్లు దాటనివ్వండి, తర్వాత మీ వంతే అన్నారు. ఆఖరి బండి అవతలికి చేరగానే తాళ్ళు కోసేశారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి మనం సామెతలో వింటాం. మిండా కళ్ళారా చూసింది.

మిండా అంటే ఓజెల్లా అమ్మమ్మకి అమ్మమ్మ. ఆవేళ చంకలో ఏడాది పిల్ల, పావడా పట్టుకుని నాలుగేళ్ళ పిల్ల. వెనక గుర్రపు డెక్కల చప్పుడు వినపడేసరికి జనం నీళ్ళలోకి దూకారు. మిండా అవతలి గట్టున పడేసరికి చంకలో పిల్ల ఉంది. పావడా పట్టుకున్న పిల్ల లేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికిందిగానీ ఆ పెద్దపిల్ల పేరు ఎన్నడూ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే చేస్తున్న పని వదిలేసి లేచిపోయేదట. చంకలో పిల్లకేమో అక్క పేరు గుర్తుండే వయసు కాదు. అలా ఆ పేరు మిండాతోపాటే మట్టిలో కలిసింది.

ముప్ఫై ఏళ్ళు బడిలో వంటమనిషిగా చేసి మానేశాక ఓజెల్లా పట్టిన పట్టు ఒక్కటే. ఆ పలక మీద ఇంకొక్క వాక్యం రావాలి. రాష్ట్ర రాజధానికి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని జవాబొచ్చేది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఏమిటి కొరుకుతున్నావని అడుగుతాడు. వీళ్ళు అదీ అడగలేదు.

ఆమె వెళ్ళేసరికి ఇనప స్తంభం మోకాలెత్తున విరిగి నిలబడి ఉంది. థర్మన్ రాన్ చీపురుతో గాజు పెంకులు ఊడుస్తున్నాడు. డెబ్బై రెండేళ్ళ తెల్లాయన. పలక ఆయన పొలం గేటు పక్కనే ఉండేది. చుట్టూ గడ్డి కోసేదీ, ఏటా వసంతంలో అక్షరాలకి రంగు వేసేదీ ఆయనే. అలాగని దానిమీద ప్రేమ అనుకోడానికి లేదు. ఆ సైన్యమే వాళ్ళ ముత్తాత ఇల్లు తగలబెట్టి, ఆవుల్ని తోలుకుపోయి, మొక్కజొన్న గాదెలు ఊడ్చుకుపోయింది. ఆ మాట పలక మీద లేదని ఆయన గుండె మంట. ఆయనా ఉత్తరాలు రాశాడు. ఆయనకీ కృతజ్ఞతలే వచ్చాయి.

ఓజెల్లా ఆయన్ని "మిస్టర్ థర్మన్" అనేది, "మీరు" అనేది. ఆయనకి ఆమె "ఓజెల్లా", "నువ్వు". ఒకే రోడ్డు మీద అరవై ఏళ్ళు బతికిన ఇద్దరి మధ్య ఆ తేడా ఎప్పుడూ ఉన్నదే కాబట్టి ఇద్దరూ దాని గురించి ఆలోచించేవాళ్ళు కారు.

"పలకేదీ?" అంది కారు దిగి.

"కౌంటీ ఆఫీసువాళ్ళు పట్టుకుపోయారు. నడిమికి రెండు ముక్కలైంది. ఇంకేం, నీ కడుపు చల్లబడిందిగా?"

"చల్లబడదా మరి? మళ్ళీ పోత పోయాలి కదా మిస్టర్ థర్మన్. పోత పోసేముందు మళ్ళీ రాయాలి కదా."

ఆయన చీపురు ఆపాడు. ఆ ఆలోచన ఆయనకి తట్టనేలేదని మొహమే చెప్పింది.

"రాస్తే గనక, నాదీ ఒక వాక్యం ఉంది," అన్నాడు.

"నాకు తెలీదా? అందుకే ఆగాను."

ఆయన రోడ్డు అటూ ఇటూ చూసి, "వరండాలోకి రా. నిలబడి తేలే మాట కాదిది," అన్నాడు.

ఆ ముందు మెట్లెక్కడం ఓజెల్లాకి అదే మొదలు. వాళ్ళమ్మ ఆ ఇంట్లో పదహారేళ్ళు బట్టలుతికింది, వెనక గుమ్మంలోంచి వెళ్ళి.

ఉడికించిన వేరుశెనక్కాయల గిన్నె, చల్లటి తియ్యటి టీ మధ్యలో పెట్టి, కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాయడానికి కూర్చున్నాడాయన.

"నీది చెప్పు."

పదకొండేళ్ళుగా దిద్దుకున్న వాక్యం. ఓజెల్లా చూడకుండా చెప్పింది. "వంతెన ఎత్తేయడంతో, బానిసత్వం నుంచి పారిపోయి వస్తున్న ఆడవాళ్ళు, పిల్లలు ఎంతోమంది ఈ నీళ్ళలో మునిగి చనిపోయారు."

థర్మన్ కాయ ఒలుచుకుంటూ తల ఊపాడు. "బాగుంది. భేషుగ్గా ఉంది. ముందే చెప్తే నేను కూడా సంతకం పెట్టేవాణ్ణి కదా. ఆ ఉత్తరాదివాళ్ళు ఎంత పుణ్యాత్ములో లోకానికి తెలియద్దూ?"

"అంటే మా పిల్లల చావు మీకు రాయిలా పనికొచ్చిందన్నమాట, వాళ్ళ మీదకి విసరడానికి."

"తప్పేముంది? చంపింది వాళ్ళే కదా!"

"చంపింది వాళ్ళే. పారిపోయింది ఎవరి దగ్గర్నుంచి మిస్టర్ థర్మన్?"

ఆ పొద్దున్న మిండా బయల్దేరింది ఈ రాన్‌ల ఇంటి వెనక గుడిసెలోంచే. ఆ సంగతి రెండిళ్ళలోనూ తెలియనివాళ్ళు లేరు. నూట యాభై ఏళ్ళుగా ఒకరితో ఒకరు అన్నవాళ్ళూ లేరు.

"మా ముత్తాత మంచివాడని చెప్పేవాళ్ళు," అన్నాడు థర్మన్. "కొరడా ముట్టుకుని ఎరగడట."

"అయ్యుండచ్చు. డిసెంబరు చలిలో, ఈత రాని మనిషి, ఇద్దరు పసిపిల్లలతో ఆ నీళ్ళలో దిగింది. ఆయన మంచితనం ఎలాంటిదో మరి."

థర్మన్ చేతిలో కాయ గిన్నెలో పడేశాడు. తర్వాత పెన్సిలు తీశాడు.

"'బానిసత్వం నుంచి' అని ఉండనీ. ఎవరింట్లో అన్నది మాత్రం వద్దు."

"నేను అడగలేదే."

"అడగలేదు. ముందే చెప్పుకుంటున్నాను." ఇంకో కాయ ఒలిచాడు. "నాది కూడా రాస్తున్నా. ఏడు ఇళ్ళు తగలబెట్టారని."

"రాయండి. తగలబడ్డమాట నిజమే కదా."

అక్షరాలు లెక్కపెట్టుకుని, ఒక మాట తీసి, ఒక మాట కలిపి, ఇద్దరి వాక్యాలూ పట్టేలా సర్దారు. వెళ్ళేటప్పుడు ఆయన ఆమెకి ఒక సంచీడు కాయలు కట్టిచ్చాడు. పదకొండేళ్ళలో ఓజెల్లా అంత తేలిక మనసుతో ఇంటికి వెళ్ళింది ఆ రోజే.

మార్చిలో రాజధాని నుంచి మిస్ ప్రూయిట్ అనే ఆఫీసరమ్మ కౌంటీ కోర్టు భవనానికి వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, మర్యాదస్తురాలు. వాళ్ళిచ్చిన కాగితం రెండుసార్లు చదివింది. రెండోసారి చదువుతుంటే ఆ పిల్ల కళ్ళు చెమర్చడం ఓజెల్లా చూసింది. అందుకే తర్వాత విన్నది నమ్మడానికి కొంతసేపు పట్టింది.

రోడ్డుని నాలుగు వరసలు చేస్తున్నారు. వాగుని సిమెంటు తూముల్లోంచి పంపిస్తారు. అక్కడ కారు ఆపే చోటే ఉండదు కాబట్టి పలక ఉండదు. విరిగిన పాత పలకలకి మళ్ళీ పోత పోయడం ప్రభుత్వం ఏనాడో మానేసింది.

"కొత్తదానికి అర్జీ పెట్టుకోవచ్చు," అంది మిస్ ప్రూయిట్. "ఇంకో చోట, చర్చి దగ్గరైనా సరే. కానీ ఆ కాలంనాటి ఆధారం కావాలి. మీ అమ్మమ్మ గారు చెప్పింది నేను నమ్ముతాను. కమిటీ నమ్మదు."

"ఆధారమంటే?"

"ఒక్క కాగితం చాలు. ఒక్క పేరు. ఇక్కడ మునిగిపోయినవాళ్ళలో ఒక్కరి పేరు కాగితం మీద ఉందనుకోండి, యుద్ధం తర్వాతి కాగితాల్లో లేదనుకోండి, నేనే మీ తరఫున కొట్లాడతాను. తోటల యజమానులు తమ మనుషుల జాబితాలు రాసుకునేవాళ్ళు కదా. అలాంటిదేమైనా?"

ఓజెల్లా థర్మన్ వైపు తిరిగింది. ఆయన టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"మావన్నీ సైన్యం తగలబెట్టేసింది," అన్నాడు. "ఇదిగో చూడమ్మా, మిసెస్ టిప్పిన్స్ గారు పదకొండేళ్ళుగా తిరుగుతున్నారు. ఆవిడకి ఏదో ఒక దారి చూపించండి."

మిసెస్ టిప్పిన్స్ గారు. ఆవిడ. తిరుగుతున్నారు. తన చెవులు సరిగ్గా విన్నాయా అనుకుంది ఓజెల్లా. మిస్ ప్రూయిట్ క్షమాపణ చెప్పి, రెండు చేతులతో ఓజెల్లా చెయ్యి పట్టుకుని, అర్జీ ఫారం ఇచ్చి వెళ్ళిపోయింది.

ఇద్దరూ థర్మన్ ట్రక్కులో వెనక్కి బయల్దేరారు. సగం దారి వచ్చాక ఆయన పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచుకున్నాడు.

"ఓజెల్లా. సైన్యం తగలబెట్టలేదు."

"ఏది?"

"ఆ కాగితం. ఇల్లు అంటుకున్నప్పుడు మా ముత్తవ్వ కాగితాలన్నీ పెట్టెలో పెట్టి పొలంలో పాతిందట. తర్వాత మా అమ్మ బీరువాలో ఉండేవి. 1965లో, మీవాళ్ళు ఓటు నమోదు చేయించుకోడానికి కోర్టు ముందు వరసలు కట్టిన వేసవి గుర్తుందా? పాత కాగితాలున్నాయా అని ఎవరో కాలేజీవాళ్ళు ఇల్లిల్లూ అడుగుతూ తిరిగారు. అమ్మ హడలిపోయింది. మన ఇంటి పేరు పేపర్లోకి ఎక్కుతుంది, తీసుకెళ్ళి పీపాలో వేసి అంటించు అంది. నేనే అంటించాను. నాకు పాతికేళ్ళు."

ఒక బొగ్గు లారీ వాళ్ళని దాటి వెళ్ళింది. ట్రక్కు ఊగింది.

"చదివావా?" అంది ఓజెల్లా.

ఆయనతో నువ్వు అనడం ఆమెకి అదే మొదటిసారి. ఇద్దరిలో ఎవరూ దాన్ని గమనించే స్థితిలో లేరు.

"చూశాను. పేర్లు, వయసులు. మిండా అని ఉంది. కింద ఇద్దరు ఆడపిల్లలు."

"ఏం పేరు?"

"గుర్తులేదు."

"పెద్దదాని పేరేంటి?"

"నిజంగా గుర్తులేదు ఓజెల్లా. అవి ఎవరికైనా కావలసిన పేర్లని అప్పుడు నాకు తోచనేలేదు."

ఆమె తలుపు తీసుకుని దిగింది. ఇల్లు ఇంకా మూడు మైళ్ళు. చర్చికి వేసుకెళ్ళే జోళ్ళతో గడ్డి అంచు వెంట నడిచింది. ట్రక్కు నెమ్మదిగా వెనకే వచ్చింది. కిటికీలోంచి ఆయన ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె తల తిప్పలేదు.

వేసవిలో రోడ్డు పని మొదలైంది. గట్టున సైప్రస్ చెట్లు కొట్టేశారు. మూడు తూములు దించి, పైన మట్టి పోసి, రోలరు తిప్పారు. జూలై కల్లా అక్కడొక వాగు ఉండేదని కొత్తవాళ్ళకి ఎవరైనా చెప్పాలి. ఓజెల్లా కౌంటీ షెడ్డుకి వెళ్ళి పలక ముక్కలైనా ఇమ్మని అడిగింది. పాత గుర్తు బోర్డులతో కలిపి తుక్కుకి పంపేశామన్నాడు అక్కడి మనిషి. అన్నాళ్ళూ ఏమీ అనని ఆమె అప్పుడు ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి ఏడ్చింది. సగం నిజం చెప్పిందని పదకొండేళ్ళు తిట్టుకున్న పలక అది. ఆ సగం కూడా చెప్పే దిక్కు ఇప్పుడు లేదు. అర్జీ ఫారంలో పేరు, ఊరు నింపింది. ఆధారాలు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ ఫారం అలాగే వంటింటి సొరుగులో ఉండిపోయింది.

అక్టోబరులో ఒక పొద్దున థర్మన్ ఆమె ఇంటికి వచ్చాడు. చేతిలో పెకాన్ గింజల సంచి. జాలీ తలుపు అవతలే నిలబడ్డాడు. మనిషి బాగా చిక్కిపోయాడు, చొక్కా కాలర్‌లో మెడ వదులుగా ఆడుతోంది.

"లోపలికి రానులే," అన్నాడు. "ఒక పేరు గుర్తొచ్చింది."

ఓజెల్లా తలుపు చట్రం పట్టుకుంది. పొయ్యి మీద చిక్కుళ్ళు పొంగుతున్న చప్పుడు వినపడుతోంది. వెనక్కి వెళ్ళలేదు.

"డెల్ఫీ," అన్నాడాయన.

"నిజంగా?"

"ఆ కాగితం మీద ఆ మాట చూశాను. బైబిలు మీద ఒట్టు. ఏడు నెలలుగా దానికోసమే బుర్ర తవ్వుకుంటున్నాను. మొన్న గడ్డం గీసుకుంటుంటే తట్టింది. సిరా చెదిరి, చివర ఇలా తోకలా ఉండేది."

డెల్ఫీ. ఓజెల్లా లోపల్లోపలే అనుకుంది. నాలుగేళ్ళ పిల్లకి సరిపోయే పేరే. పావడా పట్టుకున్న చెయ్యి ఆమెకి ఎప్పుడూ ఊహలో కనిపించేది. ఇప్పుడు దాని వెనక ఒక మొహం రాబోతున్నట్టనిపించింది. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆయన ఇంకా వెళ్ళలేదు. టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"ఇంకేంటి?" అంది.

"ఆ కాగితంలో పైన మనుషులు, కింద కంచరగాడిదలు. అన్నిటికీ పేర్లే ఉండేవి. ఒకే చేతిరాత. మధ్యలో గీత కూడా లేదు."

"ఐతే?"

"మా తాత దగ్గర ఒక కంచరగాడిద ఉండేది. దానిపేరు డెల్ఫీయే. మా ఇంట్లో గాడిదలకి పాత గాడిదల పేర్లే పెట్టేవాళ్ళు, తరతరాలుగా. ఆ సంగతి ఇక్కడికి వస్తుంటే గుర్తొచ్చింది."

"నువ్వు చూసింది పైనా, కిందా?"

"అదే తెలీడంలేదు."

"ఆలోచించు."

"ఆలోచించాను ఓజెల్లా. మీ గేటు దగ్గర అరగంట కూర్చుని ఆలోచించాను. ఒకసారి పైన కనిపిస్తుంది. ఒకసారి కింద."

చిక్కుళ్ళు మాడుతున్న వాసన వచ్చింది.

"గుర్తొచ్చాక వెనక్కి తిరిగిపోవాల్సింది," అంది. "ఎందుకు చెప్పావ్?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

"నీ బరువు దింపుకున్నావు. ఇక వెళ్ళు."

ఆయన సంచి మెట్టు మీద పెట్టి వెళ్ళాడు. ఓజెల్లా దాన్ని ముట్టుకోలేదు. వారం తిరక్కుండా ఉడతలు ఖాళీ చేశాయి.

డిసెంబరు తొమ్మిదిన, ఏటా చేసేలాగే, వాగులో పోయినవాళ్ళకి ప్రార్థన పెట్టారు, ఈసారి చర్చిలో. ఇదివరకు వాగు గట్టున నిలబడి చేసేవాళ్ళు, ఇప్పుడక్కడ నిలబడడానికి చోటు లేదు. పాస్టరు గారు ఆమె వైపు చూసి, "సిస్టర్ ఓజెల్లా, ఈసారి బిడ్డ పేరు చెప్పగలరా?" అని అడిగారు. ఆమె లేచి నిలబడింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. దేవుడి ముందు ఒక గాడిదకి ప్రార్థన చేయిస్తానేమో అన్న భయం, సొంత రక్తానికి చేయించకుండా పోతానేమో అన్న భయం, రెండూ ఒక్కసారే అడ్డం వచ్చాయి.

"తెలీదు పాస్టరు గారూ. మిండా కూతురు అనండి," అని కూర్చుంది.

థర్మన్ రాన్ ఫిబ్రవరిలో పోయాడు. లూథరన్ చర్చిలో జరిగిన అంత్యక్రియలకి ఓజెల్లా వెళ్ళి, వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆ కాగితాన్ని చూసిన ఆఖరి కళ్ళు ఆ పెట్టెలో మూతపడి ఉన్నాయి. బయటికి వస్తుంటే ఆయన కూతురు కారీన్ వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మిసెస్ టిప్పిన్స్, మిమ్మల్నే అడగాలనుకున్నాను. నాన్న ఆఖరి వారం అంతా డెల్ఫీ, డెల్ఫీ అంటూనే ఉన్నాడు. పైనా, కిందా అని నన్ను అడిగేవాడు. మా చుట్టాల్లో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు. మీకేమైనా తెలుసా, ఎవరావిడ?"

ఓజెల్లా ఆ అమ్మాయి ఎర్రబడ్డ కళ్ళలోకి చూసింది. నలభై అయిదేళ్ళుంటాయి. చెప్తే వింటుంది. విని ఏం చేసుకుంటుంది?

"మీ ముత్తాత దగ్గర ఒక కంచరగాడిద ఉండేదటమ్మా," అంది. "దాని పేరు."

"గాడిదా!" కారీన్ ఏడుపులోనే నవ్వేసింది. "చూడండి, మేము ఎంత కంగారుపడ్డామో. హాల్లో భోజనాలున్నాయి, ఉండి వెళ్ళండి."

"లేదమ్మా, వెళ్ళాలి," అని ఓజెల్లా కారు వైపు నడిచింది.